కదిలిన ఫోటో

రువీలో స్టూడియో ఖాళీ చేస్తున్నానని ఎలా తెలిసిందో,
మంత్రిగారి పేరిట మ్యూజియం కడుతున్నాం,
ఆయన మస్కట్ వచ్చినప్పటి నెగెటివ్‌లు పంపండి,
ఒక్కోదానికీ ఓ ముక్క రాసివ్వండి, అన్నారు.

విమానాశ్రయంలో దండలు. వాడకుండా
ఐసు పెట్టెలో తెచ్చినవి. మెడ జిల్లుమని
ఆయన నవ్విన నవ్వు.
మత్రా రేవులో పడవెక్కుతూ పంచె ఎత్తిపట్టిన చెయ్యి.
ఎవరో పెట్టిన ఖర్జూరం, గింజ ఎక్కడ ఊయాలో తెలీక
బుగ్గన దాచుకున్న ముఖం.
అది పంపను.

తర్వాత అల్ ఖువైర్ క్యాంపు. కొత్త పసుపు హెల్మెట్,
దానిమీద ధర చీటీ ఇంకా అలాగే.
చుట్టూ మనోళ్లు, ఇస్త్రీ చొక్కాల్లో.
పొద్దున పంచినవి, సాయంత్రం లెక్కపెట్టి తీసేసుకున్నారు.

నూట నలభై ఆరు: మంత్రిగారు, లింబాద్రి, కరచాలనం.
పేపర్లో వచ్చింది ఇదే.

నూట నలభై అయిదు ఎవరూ అడగలేదు.
అందులో లింబాద్రి నోరు తెరిచి ఉంది.
"సారూ, మా పాస్‌పోర్టులు..." అంటూ
చెయ్యి ఊపాడు కాబోలు,
చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి పొగ.
మంత్రిగారి తల అటు తిరుగుతోంది,
వినడానికో, పీయే కోసమో.

కదిలిందండీ, ఇంకోటి తీస్తా, అన్నది నేనే.
ఇద్దరూ నాకేసి తిరిగి
బుద్ధిగా నిలబడ్డారు.

ముప్పై ఏళ్ల తర్వాత లైటు పెట్టె మీద పరిచి
భూతద్దంలోంచి చూస్తున్నా,
ఆ మాట పూర్తవుతుందేమోనని.

కవరు మీద పెన్సిల్‌తో రాశాను:
ఎడమ నుంచి రెండో మనిషి ఎల్లాల లింబాద్రి.
మాట్లాడుతున్నాడు.