పన్ను, పొట్ట, తోక

చెవిన పడ్డ మాట నా దగ్గర నిలవదు.
బడిలో పద్యం అప్పజెప్పమంటే
ఆ పేజీ ఎడమ మూల సిరా మరక
ఏ ఆకారంలో ఉందో చెప్పేదాన్ని,
పద్యం మాత్రం నోటికొచ్చేది కాదు.
మొద్దు అన్నారు. కాబోలనుకున్నాను.

ఇరవై రెండేళ్లుగా ఉలాన్‌బాతర్‌లో క్రేను నడుపుతున్నాను.
పధ్నాలుగో అంతస్తు ఎత్తున అద్దాల గూడు,
ఒక ఫ్లాస్కు, గొర్రెతోలు పరిచిన కుర్చీ.

యాభై ఒకటో ఏట సాయంత్రం తరగతిలో చేరాను,
మా పాత లిపి కోసం.
మేం చదువుకున్నవి రష్యా అక్షరాలు, అడ్డంగా నడుస్తాయి.
ఇది నిలువు. కొక్కేనికి తాడులా పైనుంచి దిగుతుంది.
అందరూ గొంతు కలిపి వల్లె వేస్తుంటే
నేను కిటికీలోంచి ట్రాలీబస్సు తీగలు లెక్కపెట్టాను.

మూడో వారం బాదమ్‌గరవ్ టీచరు పక్కన కూర్చుని
ఒక గీత గీసింది. "ఇది వెన్నెముక."
దానికో ముల్లు. "పన్ను."
ఒక సున్నా. "పొట్ట."
ఇంకా పిక్క, విల్లు, జడ, తోక.
ఆవిడ కల్పించిన పేర్లు కావు,
మా తాతల తాతలూ అలాగే పిలిచారట.
"చప్పుడు తర్వాత. ముందు ముఖాలు గుర్తుపట్టు."

ఆ రాత్రి గుర్రం అని రాశాను:
జడ, పొట్ట, చిన్న మెలిక, పిక్క, తోక.
పొట్ట కాస్త పెద్దదైంది.
చూడి గుర్రమేమో అనుకుని అలాగే ఉంచాను.

ఇక ఇల్లంతా చీటీలే. పొయ్యికి పొయ్యి, ఉప్పుడబ్బాకి ఉప్పు.
నిద్రపోతున్న మా ఆయన ముంజేతి మీద 'మొండి' అని రాశాను.
తెల్లారి ఏమిటిదని అడిగితే 'బంగారం' అన్నాను.
పాపం, ఆయనకి చదవడం రాదు.

మైనస్ ముప్పైలో క్రేను అద్దానికి మంచు పొర పడుతుంది.
వేలితో ఒక మాట రాస్తే ఆ మాటలోంచి ఊరు కనిపిస్తుంది,
పొట్టలో పొగగొట్టం, తోకలో కొండ.
ఊపిరి తగిలి మూసుకుపోతుంది. మళ్లీ రాస్తాను.

నిన్న ఇనప కడ్డీలు దించుతుంటే
కింద ఎర్దెంబిలెగ్ పిడికిలి బిగించాడు: ఆగు.
అరచెయ్యి వాల్చాడు: దించు, ఇంకొంచెం.
ఉన్నట్టుండి నవ్వొచ్చింది.
ఇన్నేళ్లూ ఒక్క పలుకు వినకుండా
తప్పు చదివితే ప్రాణం పోయే భాష
చదువుతున్నదెవరు, మొద్దా?

వాడికీ కొన్ని అక్షరాలు చూపించాను.
ఇవాళ మధ్యాహ్నం మంచులో బూట్లు ఈడుస్తూ
బస్సంత పొడుగు మాట రాశాడు,
నాకు తప్ప ఎవరికీ కనబడనంత పెద్దది.
టీ. కానీ ఒక పన్ను తక్కువ.
వాడి నోట్లోనూ అంతే, కుస్తీలో ఊడింది.

కొక్కెం మెల్లగా దించి
ఆ చోట మంచులో ఒక్క పోటు పొడిచాను.
అప్పుడు టీ అయింది.

నూట తొంభై మెట్లు దిగాలి,
అది చల్లారకముందే.