ఆగిన వేలు

బెర్గెన్‌లో వాన పడుతోందని చెప్పడం
చేప తడిగా ఉందని చెప్పడంలాంటిది.
అయినా చెబుతున్నాను, ఎందుకంటే
బోర్గ్‌హిల్డ్ జుట్టు ఆరేదాకా మేం ఆగాల్సి వచ్చింది.

అరవై నాలుగు రంధ్రాల టోపీ.
మొన లేని సిరంజితో ఒక్కో రంధ్రంలో చల్లటి జెల్ నింపుతూ
నొప్పిగా ఉంటే చెప్పండి, అన్నాను.
"ఓడలకు దారి చెప్పే టవర్లో
ముప్పై ఒక్క ఏళ్ళు హెడ్‌ఫోన్ మోసిన తల ఇది.
నీ టోపీ దీనికో లెక్కా?"

ముందు కళ్ళు మూసుకుంది.
తల వెనకనుంచి, సెకనుకు పది చొప్పున,
తెర మీదికి నిండు అలలు వచ్చాయి.
రేవులో కట్టేసిన పడవలన్నీ ఒకే ఊపులో ఊగినట్టు.
కళ్ళు తెరిచింది.
ఎవరి తాడు వాళ్ళు విప్పుకుని పనిలోకి పోయారు.

ఆట చిన్నదే.
బాణం ఎటు చూపితే అటు మీట నొక్కాలి.
ఎప్పుడో ఒకసారి, బాణం వెనకే ఒక బీప్:
నొక్కొద్దు.
బయల్దేరిన వేలిని దారిలోనే పట్టుకోవాలి.

"ఇంతేనా?"
ఇంతే, అన్నాను.
అందులో సగం అబద్ధం.
ఆగగలిగిన ప్రతిసారీ
తర్వాతి బీప్ ఇంకాస్త ఆలస్యంగా మోగుతుంది.
ఎంతటి నేర్పరైనా సగంసార్లు ఓడిపోయేలా
ఆ ఆటను రాశారు.

కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది.
నుదుటి నడిమిన, బొట్టు పెట్టుకునే చోటుకు చాలా పైన,
సెకనుకు ఆరేసి బరువైన అలలు లేచాయి.
పని కష్టమైనకొద్దీ వాటి ఎత్తు పెరిగింది.
తప్పు నొక్కినప్పుడల్లా ఒక్క పెద్ద అల,
నాలుక కరుచుకున్నట్టు.
ఆగినప్పుడు మాత్రం
కుడి కణత పైన, బీప్‌కీ వేలికీ మధ్య,
పొట్టివి, తొందరవి, రెండో మూడో,
అంతే.
వందసార్ల సగటు తీయందే దేన్నీ నమ్మకూడదంటుంది
మా ప్రొఫెసర్ హాల్వోర్సెన్.
నేను నమ్మలేదు. చూశాను.

విరామంలో కాఫీ. గోధుమరంగు జున్ను పెట్టిన వేఫర్,
జెల్ కారి చెవి మీద పడుతుంటే తుడుచుకుంటూ తింది.
అడగకుండానే చెప్పింది:
"ఒక నవంబరు రాత్రి, మంచు.
ఇరుకు దారిలో ఎదురెదురుగా రెండు ఓడలు.
ఒకదాని చుక్కాని దగ్గర కుర్రాడు, గొంతు వణుకుతోంది.
సరిగ్గానే తిప్పుతున్నాడు, కానీ మెల్లగా.
'ఇంకా తిప్పు' అనే మాట నా నాలుక చివర ఉంది.
అంటే కంగారుపడి ఎక్కువ తిప్పేస్తాడు.
బొటనవేలు మైకు మీట మీద పెట్టి
నలభై సెకన్లు నొక్కలేదు."

తర్వాత?
"తర్వాతేముంది? దాటిపోయాయి.
టవర్ రికార్డింగులో ప్రతి మాటా ఉంటుంది.
ఆ నలభై సెకన్లు వింటే
ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది.
నేను కునుకు తీశానేమో అన్నారు మా పైవాళ్ళు."

కాఫీ చల్లారింది.
నా వెనక తెర మీద
ఆమె ఆపుకున్నవి నూట పన్నెండు,
ఒక్కోటి తారీఖుతో, సమయంతో సహా.
చూపించాలనిపించింది.
ఇదిగో, ఊరుకోవడం కూడా ఒక పనేనని
రుజువు, అనాలనిపించింది.
పాల్గొనేవారికి ఫలితాలు విప్పి చెప్పకూడదని నియమం.
ఒకరి తల లోపలి అలకు
అంత సులువుగా పేరు పెట్టకూడదని కూడా, నిజానికి.
నోరు తెరిచి,
ఇంకో వేఫర్ తీసుకోండి, అన్నాను.

ఆ క్షణాన నా తల మీద టోపీ లేదు.

సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళతో
ఆమె నెరిసిన జుట్టులోంచి జెల్ కడిగాను.
అంత సేపూ ఒక్క మాటా అనలేదు ఆమె. నేనూ అడగలేదు.
సగం ఓడిపోక తప్పదన్న సంగతి
చివర్లో చెబితే పకపకా నవ్వి,
"నాకు పదో బీప్‌కే తెలుసు" అంది.

కిటికీలోంచి చూస్తున్నాను.
రోడ్డుకు అటూ ఇటూ ఒక్క కారు లేదు.
ఎర్ర దీపం.
వానలో, గొడుగు కూడా విప్పకుండా,
నిలబడి ఉంది.