రెండో నంబరు దగ్గర పది నిమిషాలు

వంతెన పక్క ఆఫీసులో పటం ఊరికే ఇచ్చారు.
"మీ అంతట మీరే నడవచ్చు, గైడు అక్కర్లేదు" అన్నాడు కుర్రాడు.
నాకు గైడా?
ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ కొండ
నా మోకాళ్ళతో మాట్లాడింది.

అయినా తీసుకున్నాను.
పని మానేసి నాలుగు రోజులు,
సోమవారం పొద్దున్న ఎటు వెళ్ళాలో కాళ్ళకు తెలియలేదు.
మడతలు విప్పితే కోయింబ్రా మొత్తం
నా వంటగది బల్లంత.
వీధులు పసుప్పచ్చ, నది నీలం,
మధ్యలో తొమ్మిది ఎర్రచుక్కలు.
పైదాకా బస్సులో వెళ్ళి, దిగుతూ చూడమని రాశారు.
సుఖపడేవాళ్ళ లెక్క అది.
నేను తొమ్మిదితో మొదలుపెట్టాను.

నడుంవిరుపు మెట్లు.
పేరు పెట్టినవాడెవడో బరువు మోసినవాడే.
పటంలో ఆ పేరు పక్కన చిన్న కెమెరా బొమ్మ.
ఒక జర్మను జంట ఆగి నీళ్ళు తాగుతూ
నన్ను చూసి నవ్వారు, ముగ్గురం ఒకటే అన్నట్టు.
నిజమే, చేతుల్లో అదే కాగితం.
ఇన్నేళ్ళలో ఇక్కడ ఆగింది లేదు నేను.
ఐదింటికల్లా తాళంచెవి అందుకోవాలి,
ఆయాసం తర్వాత, ఇంటికెళ్ళాక.

చదువుకునే పిల్లలు గుంపుగా దిగుతున్నారు
నల్లటి కేపులతో మెట్లు ఊడ్చుకుంటూ.
ఆ కేపు ఉతకకూడదట,
ఉతికితే జ్ఞాపకాలు పోతాయట.
ఈ మాట పుట్టించినవాడికి
మిగతా బట్టలన్నీ వాళ్ళమ్మ ఉతికి ఉంటుంది.

పైన గంట కొట్టింది.
దాన్ని మేక అంటారు వాళ్ళు,
పాఠానికి రమ్మని అరుస్తుందని కోపం.
అది అరిచేసరికి నా చీపురు మూలకు చేరాలి.
వాళ్ళ రోజుకు మొదలు, నా రోజుకు చివర,
అరుపు ఒక్కటే.

గ్రంథాలయం, రెండో నంబరు.
టిక్కెట్టు కిటికీలో అమ్మాయి, జేబు మీద పేరు మఫాల్దా.
"ఒక్కరేనా? మొదటిసారా?"
అవునన్నాను.
అబద్ధమేం కాదు, ఆ పెద్ద తలుపులోంచి మొదటిసారే.
మా తలుపు కింద, పాత చెరసాల పక్కన.

పది నిమిషాలు. ఫోటోలు వద్దు. ముట్టుకోవద్దు.
పగటి వెలుతురులో బంగారం ఇంత గట్టిగా ఉంటుందని తెలీదు.
నేను చూసింది టార్చిలైటు మేరకు:
చెక్కిన ఒక ఆకు, నిచ్చెన మెట్టు, పుస్తకం వీపు.
ముక్కలు ముక్కలుగా తుడిచిన గది
ఇవాళ ఒక్కసారిగా మీద పడింది.

బ్రెజిల్ యాసలో ఒక తండ్రి కూతురికి చదివి వినిపిస్తున్నాడు,
పుస్తకాలు తినే పురుగుల్ని ఇక్కడి గబ్బిలాలు తింటాయని.
"మరి అవి దొడ్డికెళ్తే?" అంది పిల్ల.
అతను పటం తిరగేశాడు.
వెనక హోటళ్ళ ప్రకటనలున్నాయి.

నేనున్నానమ్మా, అనలేదు.
రాత్రి బల్లలకు తోళ్ళు కప్పేవారు.
తెల్లారకముందే నేను వాటిని మడిచి, దులిపి,
నేల మీద జీలకర్రలా రాలినదాన్ని పోగుచేసేదాన్ని.
ఏ పుస్తకంలో ఏముందో తెలీదు, నాలుగో తరగతి నాది.
ఏ అర కింద ఎక్కువ రాలుతుందో తెలుసు:
రెండో గది, ఎడమవైపు, చట్టాల పుస్తకాల కింద.
"గబ్బిలాలక్కూడా లాయర్లే ఇష్టం, ఎతెల్వీనా"
అనేవాడు సెన్యోర్ బెలర్మీను.
ఇరవై ఏళ్ళు అదే హాస్యం.
ఇరవై ఏళ్ళూ మర్యాదకి నవ్వాను.
ఇవాళ ఆ అర ముందు నిజంగా నవ్వొచ్చింది.
కాపలావాడు నావైపు ఓ చూపు చూసి
గడియారం చూసుకున్నాడు.

ఒకటో నంబరు: ఇక్కణ్ణించి నదిని చూడండి.
చూశాను.
వచ్చేటప్పుడు చీకటి, వెళ్ళేటప్పుడు నిద్ర,
ఇది ఇక్కడ ఉందని తెలుసుగానీ చూడలేదు.
అవతలి ఒడ్డున, సాంతా క్లారా వైపు,
మా బాల్కనీలో ఆరేసిన దుప్పటి.
నిన్నటిది. తియ్యడం మర్చిపోయాను.
ఇంతదూరం కనిపిస్తుందా!

జర్మను జంట రొప్పుతూ వచ్చారు.
ఇదెన్నోది అని పటం మీద వేలితో అడిగారు.
ఒకటి, అని వేలెత్తాను.
ఇంకా ఏముంది చూడ్డానికి, అన్నట్టు చేతులు తిప్పారు.
నది మీదుగా ఆ తెల్లటి దుప్పటిని చూపించాను.

వాళ్ళు దానికోసం కాగితంలో
చాలాసేపు వెతికారు.