నిచ్చెన

దేశాయిపేటల మా గల్లీకి
ఒక్కటే ఇనుప నిచ్చెన.
ఎవ్వలు కొన్నరో ఎవ్వలకూ యాదికి లేదు.

ఓదెమ్మ చిక్కుడుకాయ తెంపినంక
ఖాజా సార్ ఇంటికి సున్నానికి పోతది,
ఆడ్నుంచి ట్యాంకిల నాచు గీకెతందుకు
రైల్వే భూమయ్య మిద్దెకు.
ఒకసారి పిల్లిపిల్లను దించెతందుకు
రాత్రి పదకొండింటికి పోయింది.
మెట్టు మెట్టుకో ఇంటి రంగు:
కింద గులాబీ, నడుమ మా పచ్చ,
పైన ఎవలిదో నీలం.

మొన్నటి సంది మా గోడకే ఒరిగున్నది.
ఎవ్వలూ అడగొస్తలేరు.
నల్లా కాడ లొల్లైందా?
ఎవలికన్న పానం బాగలేదా?
అమ్మ రెండుసార్లు గేటుదాకా పోయొచ్చింది.

పొద్దుగూకంగ
చెప్పుల్లేని పోరడు.
"ఆంటీ, బాలు భూమయ్యతాత మిద్దెమీద పడ్డది,
నిచ్చెన..."

"మీకేం పనిలేదారా" అనుకుంటనే
రెండో కొస
అమ్మే ఎత్తుకున్నది.