మొదటి అడుగు

నేను సైంటిస్టును కాను.
పొగ కాయిదం మార్చేటోణ్ని.
ములుగు రోడ్డుకు ఎడమ దిక్కు, గుట్ట కడుపుల
పన్నెండు మెట్లు దిగితే ఒక అర్ర.
అర్ర నడిమిట్ల బండ, బండ మీద డోలు, డోలు మీద సూది.

మొదట్ల గుట్టను తొలుస్తుంటే
కాకతీయుల లంకెబిందెల కోసమనుకున్నరు ఊరోళ్లు.
ఎవరో రాత్రిపూట కోడిని కోసి నెత్తురు చల్లిపోయిండ్రు.
అటెన్క కంచె పడ్డది. బోర్డు పడ్డది.
ఏ శాఖదో బోర్డు మీద లేదు.
చేరిన నాడే సంతకం పెట్టిచ్చుకున్నరు:
చూసింది ఇంట్ల చెప్పద్దని.
నా పెండ్లాం లచ్చవ్వ పదిహేనేండ్లు నమ్మింది
నేను వాననీళ్లు కొలుస్తనని.

కిరసనాయిలు దీపం మీద తెల్లకాయిదాన్ని తిప్పి
మసి పట్టియ్యాలె. డోలుకు చుట్టాలె.
దినమంత భూమి తన మాట తను గీసుకుంటది,
నలుపు మీద తెల్లగ.
తెల్లారి పదకొండింటికి విప్పి, లక్కనీళ్లల్ల ముంచి
తీగె మీద ఆరేస్తుంటి, బాలింత ఇంట్ల గుడ్డల లెక్క.

ఎక్కడ్నో, పేరు పలకద్దన్న ఎడారిల
ఎవరో పాతాళంల బాంబు పేలిస్తే
ఏడెనిమిది నిమిషాలకు మా గుట్టకు ఎరుకైతది.
దానికోసమే ఈ కంచె, ఈ జీతం.

కానీ సూదికి దేశాలు తెల్వయి.
గూడ్సుబండి పోతే వణికేది.
కంకర క్వారీల పగటీలి మందు పెడితే ఎగిరేది.
ఎగిరిన తీరు చూసి చెప్తుంటి, ఇది పాత మేస్త్రీది,
గీ తొందర కొత్త కాంట్రాక్టరుది అని.
రెండేండ్లకోసారి మాఘమాసంల నాలుగొద్దులు
గీత లావెక్కేది, మేడారం పోయే బండ్లతోని.
ఢిల్లీ నుంచి తంతి వచ్చింది: ఈ కదలిక ఏమిటి?
వైజయంతి మేడం జవాబు కొట్టింది:
వనదేవతలు. మళ్లా రెండేండ్లకు.

మేడమే నేర్పింది నాకు మొదటి అడుగు చదువుడు.
బాంబు అన్ని దిక్కులకు నూకుతది, సూది ముందుగాల పైకే లేస్తది.
భూకంపమైతే ఒక దిక్కు నూకుడు, ఒక దిక్కు గుంజుడు.
"ఇంకోటి ఉంటదా మేడం?"
కొంచెంసేపు ఆగి అన్నది, "కూలుడు.
అన్ని దిక్కులా లోపలికే."

ఎంగిలిపూల బతుకమ్మ ముందు నాడు
సూది కిందికి దిగింది.
చిన్నగ. పిట్ట కొమ్మ మీద వాలినంత.
పక్క సూదులు గోదారి దిక్కు చూపెట్టినయి.
ఆ దిక్కు బొగ్గుబాయిల
నా బామ్మర్ది ఓదెలుది రెండో షిఫ్టు.

మా రిజిస్టర్ల రెండే గడులు:
అనుమానం. కాదు.
మేడం పెన్ను పట్టుకొని నిలబడ్డది.
'కాదు' గడిల టైము రాసింది, సెకండ్లతో సహా.
రాసి, ఢిల్లీకి తప్ప వాడద్దన్న ఫోను ఎత్తి
బాయి ఆఫీసుకు ట్రంకుకాల్ అడిగింది.
మీరెవరని అడిగిండట అటు దిక్కోడు.
చెప్పుకోనీకి ఆమెకు శాఖ లేదు.
"కిందికి మనుషులను పంపుండ్రి" అన్నది,
రెండుమాట్ల అన్నది.

పదకొండు మందిల నలుగురు పైకి వచ్చిండ్రు.
నలుగురిల ఓదెలు లేడు.
దీపావళి కంటే ముందే మేడం బదిలీ.
ఎందుకో కాయిదం మీద లేదు, మా దగ్గర ఏదీ ఉండదు కద.
ఇప్పుడు డోలు లేదు, కంప్యూటర్ వచ్చి
క్వారీని క్వారీ అని అదే చెప్తదంట.
మూడో గడి పెట్టిండ్రో లేదో నేను అడగలే.

నన్ను తినేది వేరే.
ఆ సాయంత్రం, కబురు ఇంకా ఊరికి రాకముందు,
సైకిల్ దిగి ఇంట్లకు పోయిన.
లచ్చవ్వ గునుగుపూలకు రంగులద్దుతున్నది,
వేళ్లన్ని ఎర్రగ, పచ్చగ.
తల ఎత్తకుంటనే అడిగింది,
"ఇయ్యాల వానెంత పడ్డది?"

గోలెం కాడ చేతుల మసి కడుక్కుంట
చుక్క పడలే అన్న.