తాలు

యార్డుల ఎర్రకాయ ఒక దిక్కు, తాలుకాయ ఒక దిక్కు.
రంగు పోయిన కాయను ఏరి పక్కకేసే ఆడోళ్ల మీద
మా సారంగపాణి సినిమా తీసిండు.
పందొమ్మిది రోజులు. ఎనుమాముల. మాఘం ఎండలు.
నేను మైకు పట్టుకున్న.

కెమెరా కిరాయికి కొత్తవాడల రెండు మగ్గాలు అమ్మినంక
వాళ్ల నాయిన ఖాళీ గుంట అంచున కూసోని
"ఇంత లోతున్నదని ఎన్నడు సూడలేదురా" అన్నడు.
అంతే. ఇంకేం అనలే.

ఓదెమ్మకు నటన రాదు. ఏరుడు వచ్చు.
కెమెరా దిక్కు సూడకు అంటే
"కాయ సూసుడుకే కండ్లు సాలుతలేవు" అన్నది.

దగ్గు.
బస్తా కోస్తే దగ్గు, కుప్ప తిరగేస్తే దగ్గు,
మాట నడుమ, మాటకు ముందు, మాటకు బదులు.
మిక్సింగు గదిల కూసోని ఒక్కొక్కటే ఏరి పారేసిన,
మూడువందల పదకొండు.
కథకు అవుసరమని ఒక్కటి ఉంచిన.

ఆ తర్వాత సినిమా పండుగలు. ఫారాలు, ఫీజులు.
జాబులు శానా మర్యాదగ వచ్చేటివి:
మీ చిత్రం మా మనసును తాకింది, అయినా
ఈసారికి చోటు లేదు.
సారంగం అన్నిటినీ ఒక్క ఫోల్డర్ల పెట్టి
దానికీ పేరు పెట్టిండు, తాలు అని.

పద్దెనిమిదోది, మంచు కురిసే ఊరు, రమ్మన్నది.
కాజీపేట గార్డు కోటు అడుక్కొని పోయిండు.
కింద అక్షరాలు రాసేటాయనకు మాట దొరకలేదట.
"చెడ్డ మిర్చి" అని రాసి కొట్టేసి,
"రెండో రకం" అని రాసి కొట్టేసి,
ఆఖరుకు తాలు అనే ఉంచిండట.
ఒకామె లేచి అడిగిందట:
ఆ ఎరుపు నిజమేనా, రంగు కలిపిన్రా?
హాలు ఎట్లుండె అని నేనడిగిన.
"నిశ్శబ్దం రా. నీ మిక్సింగు మొత్తం వినవడ్డది."
నేను పొంగిపోయిన.

పోస్టరు మీద ఆకురెమ్మలు మొలిచినయి,
పండుగకొక జత.
ఓదెమ్మ వేలు పెట్టి అడిగింది, ఇదేం చెట్టు?
తెల్వదన్నం.
"మేకలు తింటయా?"
అదీ తెల్వదు.

హైదరాబాదుల ఒకాయన పది నిమిషాలు చూసి
పాట ఎప్పుడొస్తది అన్నడు.
ఇంకొకాయన ఆకులు లెక్కపెట్టి
"ఇన్ని అవార్డులా? అయితే కష్టమే" అన్నడు.
ఏడాదిన్నర.
చివరికి హన్మకొండల ఒక హాలు, పదకొండున్నర ఆట,
నాలుగంటే నాలుగు రోజులు,
పది టికెట్లు తెగకుంటే బొమ్మ వెయ్యరు.

రాత్రి మైదాపిండి ఉడకేసి
పోచమ్మమైదాన్ దాంక మేమే అతికించినం.
తెల్లారేసరికి దాని మీద
ఎంసెట్ ర్యాంకుల పిల్లలు నవ్వుతున్నరు.
శుక్రవారం ఆరుగురు. మిగిలిన నాలుగు టికెట్లు మేమే కొన్నం.
శనివారం గూడ అంతే.
ఎవరి సినిమానో వాళ్లు ఆ యాళ్లకు
ఎండుకాయ మీద వంగి ఉన్నరు.

ఆదివారం యార్డు బందు.
ముప్పై నలుగురు వచ్చిన్రు, సద్ది డబ్బాలతోటి.
గేటుకాడ ఆపితే ఓదెమ్మ కొట్లాడింది.

తెర మీద హమాలి కొక్కెం బస్తాను చీరింది.
కుప్ప జారింది. నా సౌండు నున్నగ, శుభ్రంగ.
మూడో వరుసల ఎవరో దగ్గిన్రు.
తర్వాత ఇంకొకరు.
కొంగులు ముక్కుకు పోయినయి,
ఏసీ హాలుల, చీకట్ల, లేని ఘాటుకు.
నేను ఏరి పారేసినవన్నీ
ఒక్కొక్కటి తమ జాగ ఎతుక్కుంటా వచ్చి
కూసున్నయి.

మెట్ల మీద ఓదెమ్మ సారంగాన్ని పట్టుకున్నది.
"అంత ఏరినం గద,
ఆ తాలుకుప్ప ఎవరు కొన్నరో సూపియ్యలేదేంది?"
మూడు దేశాల మైకుల ముందు జవాబులు చెప్పినోడు
తల గోక్కున్నడు. "దాన్ని ఎవరు కొంటరమ్మా?"
"కొనకేంది? రంగు కలిపి కారం పడుతరు.
మీరు దినాం తినేది గదే."

ఆ మాట మళ్లోపారి చెప్పమందామంటే
మైకు ఇంటికాడ ఉన్నది.