మూడో కమాను

గోల్కొండ గుట్ట మీద ఇంకా మేకలే మేసే కాలంల
నేనొక గుండును.
నెత్తిన ఇంత పసుపు, కింద నల్లకోడి నెత్తురు.
పేరు కూడా లేకుండె.

తర్వాత సుల్తానుకు వంతెన కావాల్సొచ్చింది.

ఒడ్డె ఈదయ్య సుత్తె పట్టుకొని వచ్చిండు.
మూడు పూటలు కొట్టలె.
నాలుగో పూట, వీపు మీద కొరడా వాతతోని
నా చెవిల అన్నడు:
"అవ్వా, జర ఓర్సుకో.
మొకం మాత్రం లోపలికి తిప్పి పెడత."

అట్లనే పెట్టిండు. మూడో కమానుల, తలకిందులుగ.
బెల్లం కలిపిన సున్నంల
పెండ్లాం గాజుముక్క ఒకటి దాచిండు.

మూసీ ఉబ్బిన రాత్రి
ఆ దరి నుంచి అజా, ఈ దరి నుంచి శివసత్తి కేక,
రెండూ నా వీపుకే తగిలినయ్.
నీళ్లు అడిగినయ్:
నీకు మొక్కెటోళ్లు ఎవరున్నరని వీళ్లను మోస్తున్నవ్?
జవాబు తోచలె.
మోసిన.

ఇప్పుడు నా మీద కూరగాయల అంగడి.
జాహెదాబీ తెల్లారంగనే
తోటకూర కట్టల మీద నీళ్లు చల్లుతది,
బోణీ కాలేదని ఎవరినో తిడుతది.
రాళ్ల సందుల్లకెళ్లి ఒక్క చుక్క
దిగి దిగి, మధ్యాహ్నానికి
నా నోట్లె పడుతది.

ఆకు వాసన.
కొంచెం మట్టి.